ఏట్లో నిలబడ్డ బావి

మా అపార్ట్‌మెంటు పక్కన ఇంకో అపార్ట్‌మెంటు లేస్తోంది. కొంతకాలంగా లారీలు ఇసుక తెచ్చి సరిగ్గా మా గేటు ముందే పోస్తున్నాయి. బిల్డరుతో పోట్లాడే బాధ్యత మా ఆవిడ తీసుకుంది కాబట్టి, ఆ గుట్ట పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే పని నాకు మిగిలింది. కొట్టు మూసేసి ఇంటిపట్టున ఉంటున్నవాడికి ఇసుక జల్లించడం చూడటాన్ని మించిన కాలక్షేపం లేదు. ఏటవాలుగా నిలబెట్టిన ఇనప జల్లెడ మీదికి పారతో ఇసుక విసురుతారు. సన్నది అవతలికి పోతుంది, మిగతాది ఇవతలికి జారి పడుతుంది. నత్తగుల్లలు, గులకరాళ్ళు, కుండపెంకులు, ఒకోసారి చెప్పు అడుగు. మొన్న అలా జారిపడినవాటిలో అరచేయంత ఎర్రటి పెచ్చు కనిపించింది. గచ్చు పెచ్చు. సిమెంటులో ఎర్రరంగు కలిపి, అద్దంలా నునుపు తేలేదాకా రుద్దిన పాతకాలపు గచ్చు. అంచులన్నీ అరిగిపోయి, వాడి వాడి వదిలేసిన సబ్బుబిళ్ళలా ఉంది. తెచ్చి బాల్కనీలో పెట్టాను. "కొంపలో రాళ్ళు తక్కువయ్యాయనా?" అంది మా ఆవిడ. అది ఎవరింటి గచ్చో నాకు తెలియదు. కృష్ణ ఒడ్డున ఎన్ని ఇళ్ళు లేవు, ఎన్ని ఎర్రగచ్చులు లేవు! కాని ఆ సాయంత్రం బాల్కనీ తలుపు సందులోంచి గాలి దూరుతుంటే, ఎవరో మాట మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకుంటున్నట్టు వినిపించింది. లేచి తలుపు బిగించి వేశాను. అయినా ఆగలేదు.

ఆ చప్పుడు సంగతి చెప్పాలంటే మా మేనత్త ఉండిన లంక దాకా వెళ్ళాలి. తొంభైల మొదట్లో బెజవాడలో బస్సెక్కి, వరదకు అడ్డంగా వేసిన కరకట్ట మీద ఊగుతూ కిందికి పోయి, రేవు దగ్గర దిగి పడవ దాటితే ఆ లంక వచ్చేది. పసుపు, కంద, అరటి. పాదం పెడితే మెత్తగా దిగే నేల. ఆ నేలలో రాయి అనేది ఉండేది కాదు. కుక్కను అదిలించాలంటే మట్టిగడ్డే విసరాలి, అది గాలిలోనే పొడి అయిపోయేది, కుక్కకు కూడా ఆ సంగతి తెలుసు. మొత్తం ఏరు తెచ్చి పోసిన ఒండ్రు. ఇచ్చిన చేత్తోనే తీసుకుంటుంది కూడా. లంక పైకొస అరిగేది, కిందికొస పెరిగేది. చూడటానికి ఎక్కడిదక్కడే ఉన్నట్టుంటుంది గాని, నిద్రలో పక్కకు జరిగే మనిషిలా లంక లంకంతా ఏటి వాలుకు జరుగుతూనే ఉంటుంది. సాయంత్రాలు అరుగు మీద కబుర్లు చెప్పుకుంటుంటే దూరంగా 'దబ్' అని చప్పుడయ్యేది. ఒడ్డు విరిగిన చప్పుడు. అందరూ ఒక్క క్షణం ఆగేవారు. ఎటువైపో చెవులతోనే చూసుకుని, మళ్ళీ మాట అందుకునేవారు. ఫలానా వాళ్ళ చేను పోయింది అనేవారు కాదు, 'దిగింది' అనేవారు. పడవ దిగినట్టు, చుట్టాలు దిగినట్టు.

అందుకే అక్కడ ఇళ్ళు కూడా ప్రయాణానికి తయారుగా ఉండేవి. అన్నీ తాటాకు పాకలే. ఏటి కోత దగ్గరపడిందంటే పాకను ఎత్తేవారు. నిజంగానే ఎత్తేవారు. తడిక గోడలు విప్పి, రాటలు పెకలించి, కప్పు కింద అడ్డంగా వెదురుబొంగులు దూర్చి, లంకలో ఉన్న మగవాళ్ళంతా తలా ఒక కొస భుజానికి ఎత్తుకునేవారు. ఒకాయన కేక పెడితే కప్పు మొత్తం లేచేది. కింద కాళ్ళు మాత్రమే కనిపించేవి. బోలెడన్ని మనిషికాళ్ళున్న తాటాకు జంతువొకటి అరటితోటల మధ్య నడిచిపోతున్నట్టుండేది. కాని కప్పు కంటే ముందు గడప కదలాలి. అది అక్కడి ఆచారం. గడప కొయ్యను ఆడపిల్ల పుట్టింటివాళ్ళు ఇస్తారు, ఇల్లు కదిలినప్పుడల్లా దాన్ని ఎత్తవలసిందీ వాళ్ళే. అన్నో తమ్ముడో, వాళ్ళు లేకపోతే వాళ్ళ కొడుకో. పసుపు రాసిన గడపను నేల తగలకుండా భుజాన మోసుకుపోతుంటే, ఇల్లాలు నీళ్ళచెంబుతో వెనకే నడుస్తుంది. మా అత్తయ్య గడప మా నాన్న ఇచ్చిన టేకుది. నాన్న దాన్ని మోయడం నేను చూశాను. గడప ఎత్తకుండా వచ్చేస్తే ఏమవుతుందని అప్పుడే అత్తయ్యను అడిగాను. "ఏమవుతుంది! ఇల్లు ఎనకాలే వస్తుంది" అంది, కుక్కపిల్ల గురించి చెప్పినంత మామూలుగా.

నాన్న పోయిన తర్వాత ఆ వంతు నాకు వచ్చింది. అప్పటికి నేను బెజవాడలో ఒక సిమెంటు కొట్లో పనికి కుదిరి, సిమెంటు గురించి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ తెలిసినవాణ్ణన్న నమ్మకంతో ఉన్నాను. ఆ వయసులో నాకు ఏ ఇంటికి వెళ్ళినా గోడ మీద వేలితో తట్టి పెదవి విరిచే అలవాటు ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే వేలు కొరుక్కోవాలనిపిస్తుంది. మామయ్యకు కాస్త చేతిలో ఆడుతున్న రోజులవి, పసుపు బాగా పండింది. డాబా వేయమని పట్టుబట్టినవాణ్ణి నేనే. న్యాయంగా చెప్పాలంటే అత్తయ్యకూ సరదా ఉంది. జన్మంతా తాటాకు కింద తేళ్ళను చూసి చూసి విసిగి ఉంది. మామయ్య మాత్రం, ఏ మాటకైనా ముందు రెండుసార్లు గొంతు సవరించుకోవడం ఆయన అలవాటు, అలాగే సవరించుకుని, "బానే ఉందిగాని అల్లుడూ, రేపు ఏరు లెగమంటే దీన్ని ఎట్టా ఎత్తుతావు?" అన్నాడు. "ఏరు ఇటెందుకు వస్తుంది మామయ్యా, కోతంతా పైకొసనేగా" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వును నేను ఒప్పుకోలు కింద లెక్కేసుకున్నాను. పడవల మీద ఇటుకలు, ఇనుము దాటించాం. కొట్లో ఉన్నవాటిలో మంచి సిమెంటు ఏరి పంపించాను. గదుల్లో ఎర్రగచ్చు చేయించాను. నాన్న ఇచ్చిన గడపను ద్వారబంధంతో సహా కాంక్రీటులో కూర్చోబెట్టించి, "ఇంక ఇది ఎక్కడికీ కదలదు అత్తయ్యా" అన్నాను. గృహప్రవేశం రోజు ఆ మాట నలుగురి ముందూ మళ్ళీ అన్నాను కూడా. చప్పట్లు కొట్టలేదు గాని, కొట్టినట్టే అనిపించింది.

మామయ్య ఆ ఎర్రగచ్చు మీద కొన్నేళ్ళు కాలు మీద కాలేసుకుని పడుకుని, ఒక ఎండాకాలం మధ్యాహ్నం జబ్బూ జాడ్యం లేకుండా వెళ్ళిపోయాడు. పిల్లల్లేరు. అత్తయ్య ఒక్కతే మిగిలింది. ఏరు తిరగడం ఆ తర్వాతే మొదలైంది. ఎగువన ఎక్కడో ఇసుక మేట వేసి, పాయ ఇటు మళ్ళిందన్నారు. ఏటికేడూ వరద వచ్చి పోయాక చూస్తే, లంక నడుమన ఉన్నామనుకున్న ఇల్లు అంచుకు దగ్గరవుతూ వచ్చింది. డాబాకు ముందువైపు, కాస్త దూరంలో, మామయ్య వాళ్ళ పాత పాక ఉండిన చోటు ఒకటుంది. అక్కడ ఉంగరాల్లాంటి సిమెంటు ఒరలు దించిన బావి. డాబా కట్టాక కూడా అత్తయ్య అక్కడి నీళ్ళే తోడుకునేది, పొద్దున్నే మామయ్య దాని పక్కన పళ్ళు తోముకునేవాడు. కోత ఆ బావి దగ్గరికి వచ్చింది.

బావి నేలలో ఉన్నంతసేపూ అదొక గొయ్యి అనుకుంటాం. దాని చుట్టూ ఉన్న నేల వెళ్ళిపోతే తెలుస్తుంది, అదొక స్తంభమని. ముందు ఒడ్డు ఒక పక్క విరిగి, ఒరలు వరసగా బయటపడ్డాయి, చర్మం ఊడి కంఠనాళం కనిపించినట్టు. మరుసటి ఏడు ఆ కాస్త మట్టీ జారిపోయి, బావి ఏట్లో ఒంటరిగా నిలబడింది. ఒరలు ఒకదాని మీద ఒకటి, లోపల ఒండ్రు దట్టించుకుని, పైనున్న నాలుగైదు మాత్రం ఖాళీగా. నేను వంగి లోపలికి కేకలేసిన బావిని ఒడ్డున నిలబడి తలెత్తి చూశాను. అత్తయ్య చేతుల తాడు ఒరుసుకుని గాడి పడిన ఆ అంచు ఆకాశంలో ఉంది. దాని మీద కొంగ వాలింది. పొద్దువాలి గాలి లేచాక ఆ నోటి మీదుగా ఒక చప్పుడు మొదలైంది. 'ఊ' అని కాదు. ఖాళీ సీసాలో ఊదినట్టూ కాదు. ఆగి, మళ్ళీ ఆగి, రెండుసార్లు.

"ఇన్నావా?" అంది అత్తయ్య.

"గాలి అత్తయ్యా."

"గాలేగదరా మరి. మనిషిలో మాత్రం ఉండేదేంటి?" అని, మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చి, "మీ మావయ్య ఎప్పుడూ ఇంతే. గొంతు సవరించుకుంటాడు, మాట చెప్పడు" అంది.

లంకలో కొందరు ఆ వేళప్పుడు అటు పోవడం మానేశారు. అత్తయ్య మాత్రం ముందరి గుమ్మంలో గడపకు ఇవతల కూర్చుని, బియ్యంలో రాళ్ళేరుకుంటూ వినేది. నేను రెండుమూడు సార్లు బెజవాడ వచ్చేయమన్నాను. గట్టిగా అనలేదు. ఒకటి, మా అద్దె ఇల్లు ఇరుకు. రెండు, ఆ డాబా ఖాళీ అయిందంటే నేను తప్పు చేసినట్టు తేలిపోతుంది. ఈ రెండోది నాకు నేను చెప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. "గడప ఎత్తు, వస్తాను" అనేది ఆవిడ. గడప ఎత్తాలంటే గోడ పగలగొట్టాలి. చూద్దాంలే అనేవాణ్ణి.

రెండువేలు దాటాక ఒక ఏడు బ్యారేజి గేట్లన్నీ ఎత్తేశారు. లంకవాళ్ళందరినీ కరకట్ట మీదికి తెచ్చారు. నీళ్ళు అత్తయ్య ఇంటి మెట్లదాకా వచ్చి ఆగాయి. మా కొట్లో నలుగురికీ చెప్పుకున్నాను, చూశారా డాబా అని. నీళ్ళు వెనక్కి తీయడం మొదలుపెట్టాక అత్తయ్య రేవు దగ్గర టెలిఫోన్ బూత్‌లోంచి ఫోన్ చేసింది. ఆవిడ నాకు చేసిన మొదటి ఫోన్ అదే, అందుకని పెద్దగా అరుస్తోంది. "ఒరేయ్ అబ్బాయ్, వచ్చి గడప ఎత్తరా! టయిమయింది."

"నీళ్ళు తీస్తున్నాయంటున్నావుగా అత్తయ్యా, ఇంక భయమేముంది? ఆదివారం వస్తాలే."

ఆవిడ గొంతు తగ్గించి, "సరేలే నాన్నా, నీ పని చూసుకునే రా" అంది.

వరద ఉన్నప్పుడు ఒడ్డు పడదు. అంతెత్తు నీళ్ళే దానికి చెయ్యి ఆనించి నిలబెడతాయి. నీళ్ళు తీసేటప్పుడు, నానిన మట్టికి ఆ ఆసరా పోయి, అప్పుడు పడుతుంది. ఇది లంకలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. డాబా వేయించినవాడికి తెలియదు.

ఆదివారం వెళ్ళేసరికి ఎండ తెల్లగా కాస్తోంది. ఆకు కదలడం లేదు. ఏరు బురదరంగులో, పైకి ఏమీ ఎరగనట్టు, నున్నగా పోతోంది. ఇంటి ముందు కొబ్బరిచెట్టు ఉంది, దాని తర్వాత కాస్త నేల, ఆ తర్వాత ఏమీ లేదు. చెట్టుకూ మెట్లకూ మధ్య నేలలో అడ్డంగా ఒక నెర్రె, వేలు పట్టేంత. వంగి చెవి పెడితే కింద నీళ్ళు నాకుతున్న చప్పుడు. ఇంటి వెనక లంకలో మగవాళ్ళంతా వెదురుబొంగులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎందుకో నాకు ముందు అర్థం కాలేదు. కోత వచ్చిందంటే ఇల్లు ఎత్తడానికి రావడం వాళ్ళకు అలవాటు. వచ్చాక, ఎత్తడానికి ఏమీ లేదని గుర్తొచ్చి అలా నిలబడ్డారు. అత్తయ్య పక్కింటాయన, నాకు బావ వరస, బొంగు భుజాన వేసుకునే, "రావయ్యా బామ్మర్దీ, నువ్వు ఆ మూల పట్టుకో, నేనీ మూల పడతా. డాబా కదా, కొంచెం మెల్లిగా లేపుదాం" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

తలుపులు, కిటికీ రెక్కలు, ట్రంకుపెట్టె, మంచం అప్పటికే వెనకవైపునుంచి దాటించేశారు. అత్తయ్య ఒక్కతే ఖాళీ గదిలో, గడపకు ఇవతల, ఎర్రగచ్చు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కన నీళ్ళచెంబు. గడప వెనక నడవాల్సింది తనే కాబట్టి, అది లేచేదాకా కదలనంది. బావ దగ్గర సుత్తి, ఉలి తీసుకుని నేను పని మొదలుపెట్టాను. ఉలి గెంతి వెనక్కి వస్తోంది. దెబ్బకు ఇంత పొడి రాలుతోంది, అంతే. అంత మంచి సిమెంటు. "గట్టిదే వేశావురా" అంది అత్తయ్య, మెచ్చుకోలుగానే. కొడుతూ కొడుతూ, ఏదో తేడాగా ఉందనిపించి ఆగాను. బావి. గాలి లేక బావి మూగగా ఉంది. ఆ నిశ్శబ్దం ఎవరో పక్కన నిలబడి మన పని చూస్తున్నట్టుంది. అప్పుడు చెంబులో నీళ్ళ మీద సన్నటి వలయం ఒకటి లేచింది. నేను సుత్తి కొట్టడం లేదు. ఇంకో వలయం. తలెత్తి చూశాను. ఎదురుగా కొబ్బరిచెట్టు కిందికి దిగుతోంది. ఒరగడం లేదు, విరగడం లేదు. నిటారుగా, మట్టలు కూడా ఊగకుండా, రేవు మెట్లు దిగి స్నానానికి పోయే మనిషిలా నీళ్ళలోకి దిగిపోతోంది. మొదలు, నడుము, గెలలు. చప్పుడు తర్వాత వచ్చింది.

నేను పరిగెత్తాను. దీన్ని ఇంకో రకంగా చెప్పడానికి చాలా ఏళ్ళు ప్రయత్నించాను. అందరినీ పిలవడానికి వెళ్ళాననీ, తాడు తేవడానికి వెళ్ళాననీ మనసులో అనుకుని చూశాను. సుత్తి వదిలేసి, చాపుకుని ఉన్న అత్తయ్య కాళ్ళ మీదుగా దూకి, వెనక గుమ్మంలోంచి బయటపడి, బొంగులు పట్టుకున్నవాళ్ళను తోసుకుంటూ అరటితోట దాకా పరిగెత్తాను. అక్కడ వెనక్కి తిరిగాను. బావ, ఇంకో ఇద్దరూ నాకు ఎదురుగా, అంటే ఇంటివైపు పరిగెడుతున్నారు. వాళ్ళు చేరేలోపే అత్తయ్య వెనక గుమ్మంలోంచి బయటికి వచ్చింది. తొందర లేకుండా, మోకాళ్ళు పట్టుకుంటూ నడిచి వచ్చింది. ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో నేను పారేసిన సుత్తి. నా దగ్గరికి వచ్చాక, "సుత్తి వాళ్ళది కదరా. అట్టా పారేసి వస్తే రేపు ఏం చెప్తాం?" అంది. ఇంకేమీ అనలేదు. ఆవిడ ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

ఇంటి ముందు భాగం ఆ మధ్యాహ్నమే దిగింది. గుమ్మం ఉన్న గోడ మాత్రం కొన్నాళ్ళు అంచునే నిలబడి ఉంది. పడవ మీంచి చూస్తే తలుపులేని ద్వారబంధం, దాని వెనక ఆకాశం, కింద పసుపు రాసిన గడప, గడప ముందు ఒక్క మెట్టు, ఆ మెట్టు కింద ఏరు. ఎవరో లోపలికి రావడానికే తెరిచిపెట్టినట్టు ఉండేది. ఒకరోజు అదీ లేదు. బావి ఇంకో రెండు వరదలు చూసింది.

అత్తయ్యను మా ఇంటికి తెచ్చుకున్నాను. కొన్నాళ్ళకు ఈ అపార్ట్‌మెంటుకు మారాం. ఇక్కడ గుమ్మానికి గడప లేదు, నేలకు సమంగా రాతిపలక. అయినా అత్తయ్య బయటి నుంచి వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గర ఆగి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని, లేని గడపను దాటి లోపలికి అడుగేసేది. చూసినవాళ్ళు మోకాళ్ళ నొప్పి అనుకునేవారు. నేను మాత్రం ఆ పాదం నేలకు ఆనేదాకా అటే చూస్తుండేవాణ్ణి. ఒకసారి ఉండబట్టలేక, "ఆ రోజు నేను..." అన్నాను.

"పరిగెత్తావు" అంది, వత్తులు చేసుకుంటూ. "మోకాళ్ళు సహకరిస్తే నేనూ పరిగెత్తేదాన్నే. నీకంటే ముందుండేదాన్ని."

"గడప అక్కడే వదిలేశాం కదత్తయ్యా."

"వదిలేస్తే ఏం? ఇల్లు వస్తుందిలే. పెద్ద ఇల్లు కదా, నిదానంగా వస్తుంది."

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నేను తన కాళ్ళ మీదుగా దూకిన సంగతి చివరిదాకా ఎత్తలేదు. అది క్షమించడమో, అసలు లెక్కలోకే తీసుకోకపోవడమో తెలియదు, ఏదైనా నాకు తేలిక కాలేదు.

ఈ ఇసుక ఎక్కడిదని నిన్న లారీ డ్రైవర్ని అడిగాను. "కింద లంకల్లోదేనండీ" అన్నాడు, కరకట్ట వైపు చెయ్యి చూపిస్తూ. కొన్నవాడినైతే ఊరి పేరు కూడా చెప్పేవాడేమో, చూస్తూ కూర్చునేవాడికి అంతకంటే ఎందుకని వెళ్ళిపోయాడు. నేనూ అడగలేదు. ఏరు దేన్నైనా సముద్రం వైపుకే తీసుకుపోతుంది. ఎగువకు, బెజవాడకు రావాలంటే లారీ ఎక్కాల్సిందే. జల్లించిన ఇసుక తట్టల్లో నాలుగో అంతస్తుకు పోతోంది. గోడలవుతుంది, ఎవరో వేలితో తట్టి చూస్తారు. ఇవాళ పొద్దున పాలప్యాకెట్టు కోసం కిందికి వెళ్ళి వచ్చి, గుమ్మం దగ్గర నాకు తెలియకుండానే ఆగి, కాలు పైకెత్తి లోపలికి వేశాను. మా ఆవిడ చూసి, "మోకాళ్ళు నొప్పా?" అంది. అవునన్నాను. కాలం ఎవరి ఇంటినీ తీసుకుపోదేమో. మనం ఎటు పరిగెత్తామో చూసుకుని, అంచులు అరగదీసి, నిదానంగా అక్కడికే తెచ్చి దింపుతుంది.